కణితి వెలిగితే చాలదు, రోగికి ఏం ఒరిగిందో చెప్పాలి

అండాశయ క్యాన్సర్‌కు పొట్ట తెరిచిన సర్జన్‌కు ఇప్పటికీ ప్రధాన ఆధారం తన కళ్లు, చేతివేళ్లే. ఈ వ్యాధి ఒకచోట గడ్డకట్టి ఊరుకోదు. పొట్ట లోపలి పొర మీద, పేగుల మడతల్లో, డయాఫ్రమ్ అడుగున బియ్యపు నూకంత ముద్దలుగా చల్లినట్టు వ్యాపిస్తుంది. అంత చిన్నవి ముందు తీసిన సీటీ స్కాన్‌లో చాలావరకు కనిపించవు. కనిపించినా, పేగులు పక్కకు జరిపాక ఆ చిత్రాన్ని చూసి చోటు పట్టుకోవడం కష్టం. అందుకే క్యాన్సర్ కణాలను వెతుక్కుంటూ వెళ్లి, వాటికి అతుక్కుని వెలిగే మందులు రావడాన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే వాటి మీద కురుస్తున్న పొగడ్తలలో అడగవలసిన అసలు ప్రశ్న మరుగున పడిపోతోందన్నది నా బాధ.

2021 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన పాఫోలాసియానిన్ సంగతే చూడండి. సైటాలక్స్ పేరుతో వచ్చిన ఈ మందుకు మూలం పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ లో చేసిన పరిశోధన. అండాశయ క్యాన్సర్ కణాలలో చాలావాటి మీద ఫోలేట్ అనే విటమిన్‌ను (దీని మాత్రల రూపమే ఫోలిక్ యాసిడ్) పట్టుకునే గ్రాహకాలు మామూలు కణాల మీదకన్నా బాగా ఎక్కువగా ఉంటాయి. ఫోలేట్‌ను పోలిన అణువుకు పరారుణ కాంతిలో వెలిగే రంగును తగిలించి, ఆపరేషన్‌కు ఒకటి నుంచి తొమ్మిది గంటల ముందు నరంలోకి ఎక్కిస్తారు. అంతకు 48 గంటల ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆపమంటారు. లేకపోతే ఆ విటమినే గ్రాహకాలను ముందుగా ఆక్రమించి మందుకు చోటివ్వదు. ఆ వెలుగు మామూలు కంటికి ఆనదు, ప్రత్యేకమైన కెమెరా దాన్ని పట్టి తెర మీద చూపిస్తుంది.

అనుమతికి ఆధారమైన పరీక్షలో 134 మంది మహిళలను మామూలు వెలుతురులోనూ ఈ వెలుగులోనూ పరిశీలిస్తే, 26.9 శాతం మందిలో కంటికీ చేతికీ అందని క్యాన్సర్ ముద్ద కనీసం ఒకటి బయటపడింది. నలుగురిలో ఒకరికి పైగా అన్నమాట! ఆ ముద్ద లోపలే ఉండిపోయేదని తలచుకుంటే ఈ మందు విలువ తెలుస్తుంది. కానీ అదే పరీక్షలో, వెలిగిన చోటును కోసి పాథాలజీకి పంపితే క్యాన్సర్ కాదని తేలిన సందర్భాలు కూడా ఉన్నాయి. రోగుల లెక్కన అది 20.2 శాతం. ఈ రెండో అంకె లేకుండా మొదటి అంకెను చెప్పడం రోగికి సగం నిజం చెప్పడమే.

మెదడు కణితుల దగ్గర ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. మత్తు ఇవ్వడానికి సుమారు మూడు గంటల ముందు రోగి చేత తాగించే 5-ఏఎల్ఏ అనే మందు కణితి కణాలలో పోర్ఫిరిన్ అనే వెలిగే పదార్థంగా మారి, మైక్రోస్కోపు నీలికాంతిలో ఎర్రగా మెరుస్తుంది. జర్మనీలో వాల్టర్ స్టుమ్మర్ బృందం 2006లో ప్రచురించిన పరీక్షలో, కణితిని పూర్తిగా తీయగలిగినవారు మామూలు వెలుతురులో 36 శాతమైతే ఈ మందుతో 65 శాతం. ఆరు నెలలపాటు వ్యాధి ముదరకుండా ఉన్నవారు 21.1 శాతం నుంచి 41 శాతానికి పెరిగారు. ఇది చిన్న విషయం కాదు. అయినా మొత్తం ఆయుష్షులో అంత స్పష్టమైన తేడాను ఆ పరీక్ష చూపలేకపోయింది. పైగా మాటకు, కాలుచేతుల కదలికకు ఆధారమైన భాగం పక్కనే మెరుపు కనిపించినప్పుడు కోయాలా, ఆగాలా అన్నది ఏ దీపమూ తేల్చదు. అక్కడ సర్జన్ అనుభవమే దిక్కు.

రొమ్ము క్యాన్సర్‌లో గడ్డను తీసిన తరువాత ఆ గుంతలో ఏమైనా మిగిలిందేమో చూపే లూమిసైట్ అనే వెలిగే మందును 2024లో అనుమతించారు. రెండోసారి బల్ల ఎక్కే బాధ తప్పితే మంచిదే. అయితే తీవ్రమైన అలర్జీ రావచ్చన్న గట్టి హెచ్చరికతోనే దానికి అనుమతి దొరికింది.

నా వాదన ఇదీ: ఎన్ని ముద్దలు అదనంగా కనిపించాయన్న దగ్గర ఆగకూడదు. ఎందరికి రెండో ఆపరేషన్ తప్పింది, ఎందరిలో వ్యాధి తిరగబెట్టడం తగ్గింది, ఎందరు ఎక్కువకాలం బతికారు, అనవసరంగా కోసిన కణజాలం వల్ల ఎందరు ఇబ్బంది పడ్డారు అన్నవాటిని ఏళ్ల తరబడి లెక్కగట్టి బయటపెట్టాలని కంపెనీలను నిలదీయాలి.

మన దగ్గర మాట వేరు. ఖరీదైన కొత్త మందు కోసం ఎదురుచూడకుండానే చేయగలిగినది చాలా ఉంది. ఇండోసయనిన్ గ్రీన్ 1950ల నుంచి వాడుకలో ఉన్న రంగు. అది క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టలేదు గానీ, లింఫు గ్రంథుల దారిని, కలిపి కుట్టిన పేగుకు రక్తం అందుతోందో లేదో చూపుతుంది. ఢిల్లీ ఎయిమ్స్ సర్జన్లు ఫ్లోరసీన్ రంగును, మామూలు నీలి ఎల్ఈడీ కాంతిని వాడి రొమ్ము క్యాన్సర్‌లో సెంటినెల్ గ్రంథిని, అంటే క్యాన్సర్ మొదటగా పాకే లింఫు గ్రంథిని, తక్కువ ఖర్చుతో పట్టుకునే పద్ధతిని చూపించారు. ఇలాంటివి జిల్లా కేంద్రాల దాకా రావాలి. ఆరోగ్యశ్రీ ప్యాకేజీ ధర నిర్ణయించేటప్పుడు రంగు మందు, కెమెరా ఖర్చులతో పాటు, ఆపరేషన్ నడుస్తుండగానే ఫ్రోజెన్ సెక్షన్ (గడ్డకట్టించి పలుచగా కోసిన ముక్క) చూసి చెప్పే పాథాలజిస్టు ఖర్చునూ కలపాలి. వెలిగిన ముక్క క్యాన్సరో కాదో చివరికి తేల్చవలసింది ఆయనే. ఆపరేషన్ అయ్యాక "మార్జిన్‌లో, అదే కోసిన అంచులో, ఏమైనా మిగిలిందా, రిపోర్టు ఏమంటోంది డాక్టర్ గారూ?" అని రోగి తరఫువారు అడిగితే, ఆ కాగితం చేతికిచ్చి అర్థమయ్యేలా విడమరిచి చెప్పే ఏర్పాటు ప్రతి క్యాన్సర్ ఆస్పత్రిలోనూ ఉండాలి.