పని లేని పలకరింపు

ఇంటి నుంచి పనిచేసేవారు రోజుకు ఎంతమందితో మాట్లాడతారో లెక్క తీస్తే పెద్ద సంఖ్యే వస్తుంది. పొద్దున్నే టీమ్ కాల్, మధ్యాహ్నం క్లయింట్ మీటింగ్, మధ్యమధ్యలో చాట్‌లో పదుల కొద్దీ మెసేజ్‌లు. అయినా సాయంత్రం లాప్‌టాప్ మూసేసరికి ఈరోజు నన్నెవరూ పలకరించలేదే అన్న వెలితి చాలామందికి మిగిలిపోతోంది. ఆ మాటలన్నిటి వెనకా ఏదో ఒక పని ఉంది. పని లేకుండా ఎవరూ ఏమీ అడగలేదు.

ఆఫీసులో ఈ పలకరింపు దానంతట అదే జరిగిపోతుంది. లిఫ్ట్ ఎక్కుతుంటేనో, మంచినీళ్లు పట్టుకుంటుంటేనో పక్కవాళ్లు "ఏంటి, రాత్రి నిద్ర లేదా?" అంటారు. దూరాన ఉన్న మనిషిని అదే మాట అడగాలంటే క్యాలెండర్ చూడాలి, టైమ్ కుదుర్చుకోవాలి, లింక్ పంపాలి. ఊరికే బాగోగులు అడగడానికి అంత ఏర్పాటంటే ఎవరికైనా మొహమాటంగానే ఉంటుంది. అలా ఒకరోజు మానేసిన మాట వారాల తరబడి ఆగిపోతుంది.

ఆఫీసుకు మనిషి వెళ్లే బదులు పనే మనిషి దగ్గరికి రావాలన్న ఆలోచనతో అమెరికా శాస్త్రవేత్త జాక్ నిల్లెస్ 'టెలికమ్యూటింగ్' అన్న పేరు పెట్టింది 1973లో. అదే ఏడాది సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ రాసిన ఒక వ్యాసం, కొత్త సమాచారం, కొత్త అవకాశాలు మనకు ఆప్తుల కంటే ముఖపరిచయస్తుల ద్వారానే ఎక్కువగా అందుతాయని వాదించింది. దూరపు పని మొదట తెంచేది ఈ ముఖపరిచయాలనే. మైక్రోసాఫ్ట్‌లోని 61,182 మంది అమెరికా ఉద్యోగుల సమాచారంతో చేసిన అధ్యయనం 2021లో 'నేచర్ హ్యూమన్ బిహేవియర్' పత్రికలో వచ్చింది. అందరూ ఇంటి నుంచి పనిచేయడం మొదలయ్యాక ఎవరి గుంపులో వాళ్లు మరింత బిగుసుకుపోయారనీ, వేరే గుంపులతో రాకపోకలు తగ్గాయనీ అది తేల్చింది.

అయితే అందరినీ ఆఫీసుకు రప్పించడమే దీనికి మందన్న వాదనతో మేం ఏకీభవించం. చైనాలోని సీట్రిప్ అనే ట్రావెల్ సంస్థలో ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం కాల్ సెంటర్ ఉద్యోగులతో 9 నెలల పాటు ఒక ప్రయోగం చేసింది. ఇంటి నుంచి చేసినవారి పనితీరు 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి తగ్గారు. ఆ తర్వాత ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకోమంటే, ఇంటి నుంచి చేసినవారిలో చాలామంది ఆఫీసుకే తిరిగి వెళ్లారు. ముఖ్య కారణం ఒంటరితనం. అంటే పని బాగానే సాగినా మనిషికి తోడు కరువైంది. పసిపిల్లలున్న తల్లికి, మంచాన పడ్డవారిని చూసుకునేవారికి, కదలడం కష్టమైనవారికి ఇంటి నుంచి పని ఒక ఆధారం. దాన్ని లాక్కోకుండానే ఈ లోటు తీర్చే దారి వెతకాలి.

ఒంటరితనాన్ని చిన్న సంగతిగా కొట్టిపారేయడానికి కూడా వీల్లేదు. ఏ పనిలో ఉన్నా, ఏ వయసువారైనా ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, గంటకు దాదాపు 100 మరణాలకు దానితో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ప్రకటించింది.

అందుకే ఇంటి నుంచి పనిచేసేవారిని కలిపే డిజిటల్ వేదికలు రావాలని మేం కోరుకుంటున్నాం. కానీ వాటి రూపకల్పన మొదటి అడుగులోనే తప్పటడుగు పడే ప్రమాదం ఉంది. సంస్థలు సాధారణంగా చేసేది శుక్రవారం సాయంత్రం ఒక సరదా వీడియో కాల్ పెట్టి, అందరూ కెమెరా ఆన్ చేయాలనడం. అప్పటికే నాలుగు మీటింగులతో అలసిపోయినవారికి అది ఐదో మీటింగ్. గంటల తరబడి తెరపై తమ ముఖాన్నే తాము చూసుకోవడం, ఇతరుల చూపులు అంత దగ్గరగా మీద పడటం, కదలకుండా కూర్చోవడం వీడియో కాల్ అలసటకు కారణాలని స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో వివరించారు. కాబట్టి గొంతు వినిపిస్తే చాలు, ముఖం చూపించడం ఎవరి ఇష్టం వారిది అన్నట్టు ఆ వేదిక ఉండాలి.

మాకు అన్నిటికంటే ఆశాజనకంగా కనిపించేది మౌనంగా కలిసి పనిచేసే గది. ఐదారుగురు ఒకే సమయానికి లాగిన్ అవుతారు. మైకులు ఆపేసుకుని ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. గంట గడిచాక ఓ పది నిమిషాలు మాట్లాడుకుంటారు. మాట్లాడాలని లేకపోతే లేదు. కొత్తవారితో ఏం మాట్లాడాలన్న టెన్షన్ ఇక్కడ ఉండదు, సిగ్గరికి కూడా చోటు దొరుకుతుంది. అయితే మనుషులు రోజుకొకరు మారిపోతే లాభం లేదు. వారానికి రెండు మూడు సార్లు అవే గొంతులు వినబడితేనే నాలుగో వారానికి ఒకరి పిల్లల పరీక్షలు ఇంకొకరికి గుర్తుంటాయి. ఆ గుంపులోకి అప్పుడప్పుడు వేరే విభాగం నుంచో, వేరే వృత్తి నుంచో ఒక కొత్త మనిషి వస్తే తెగిపోయిన ముఖపరిచయాలూ మళ్లీ మొదలవుతాయి.

ఈ వేదిక యజమాని చేతిలో ఉండకూడదు. ఈ విషయంలో రాజీ పనికిరాదు. "ఈ నెల నాకు అసలేం బాగోలేదు" అన్న మాట మేనేజర్ లెక్కల్లోకి చేరుతుందన్న అనుమానం ఒక్కటి చాలు, ఎవరూ నోరు విప్పరు. ఎవరు ఎంతసేపు ఆన్‌లైన్‌లో ఉన్నారో, ఎవరి మూడ్ ఎలా ఉందో సంస్థకు చేరకుండా నిర్మాణంలోనే అడ్డుకట్ట వేయాలి. పైగా ఏ సంస్థా లేని ఫ్రీలాన్సర్లు ఉన్నారు. వాళ్లకు శుక్రవారం సరదా కాల్ కూడా లేదు. వృత్తిని బట్టి, ఉండే ప్రాంతాన్ని బట్టి వారికీ తలుపు తెరిచి ఉండాలి. తీవ్రమైన కుంగుబాటులో ఉన్నవారికి ఇది వైద్యం కాదని స్పష్టంగా చెప్పి, సాయం దొరికే చోటు చూపించాలి.

మరి ఆ వేదిక పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? చాలా యాప్‌లు జనం ఎంతసేపు అంటిపెట్టుకున్నారో కొలిచి మురిసిపోతాయి. రోజంతా తెర ముందు ఉండేవారికి మరో రెండు గంటల తెరను అంటగట్టడం మేలు ఎలా అవుతుంది? ఒక గుంపు మూడు నెలల తర్వాత కూడా కలుస్తోందా, ఒకే ఊళ్లో ఉన్నవారు ఎదురెదురుగా కూర్చున్నారా అన్నవి చూడాలి. పోర్చుగల్‌లో 2022 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, దూరం నుంచి పనిచేసేవారి ఒంటరితనాన్ని తగ్గించేందుకు యజమాని చొరవ చూపాలి. ఎన్నాళ్లకోసారి కలవాలో ఒప్పందంలో రాసుకోకపోతే, కనీసం రెండు నెలలకోసారి పై అధికారులను, తోటి ఉద్యోగులను ముఖాముఖి కలిసే ఏర్పాటు చేయాలి. మిగతా దేశాలూ ఈ నిబంధనను పరిశీలించాలి.

సంస్థల నుంచి మేం కోరేది ఖర్చు, సమయం. వేదికకు డబ్బు పెట్టి, దాని లోపలి మాటలకు దూరంగా ఉండాలి. ఉద్యోగులు కలుసుకునే ఆ గంటను పని ముగిశాక రాత్రికి నెట్టకుండా జీతం వచ్చే పనివేళల్లోనే ఇవ్వాలి. ఆఫీసులో లిఫ్ట్ దగ్గర మాట్లాడుకున్న నిమిషాలకు జీతం కోసినవారు ఎవరూ లేరు కదా!