అరవై నాలుగు మంది, ఒకే ఫైలు

“శాట్ సమస్యా? కోర్లు పెంచండి, అదే తేలిపోతుంది” అనే మహానుభావులకు ముందుగా ఒక నమస్కారం. కోర్ అంటే కంప్యూటర్‌లో లెక్కలు చేసే భాగం. శాట్ సమస్య అంటే షరతులన్నీ ఒకేసారి నెరవేరేలా వేరియబుల్స్‌కు అవును, కాదు అని విలువలు ఇవ్వగలమా అని తేల్చడం. తేల్చే ప్రోగ్రామే సాల్వర్. గుడ్డిగా వెతికితే ఒక్క వేరియబుల్ పెరిగినా పని రెట్టింపు. అంటే కోర్లు రెట్టింపు చేసి, కరెంటు బిల్లు రెట్టింపు కట్టి మనం గెలుచుకునేది సరిగ్గా ఒక్క వేరియబుల్. శుభం.

సరే, 64 కోర్ల మిషన్ కొన్నాం. పని పంచాలి కదా? పంచరు! పోర్ట్‌ఫోలియో పద్ధతి అని పేరు పెట్టి అందరికీ మొత్తం సమస్యే ఇస్తారు. ఒకే ఫైలుకు 64 జిరాక్సులు తీసి 64 మంది గుమాస్తాల ముందు పడేసినట్టు. ఒకాయన మొదటి పేజీ నుంచి మొదలెడతాడు, ఒకావిడ చివరి పేజీ నుంచి, ఇంకొకాయన టీ తాగొచ్చి మధ్యలోంచి. ముందు తేల్చినవాళ్లదే సంతకం, మిగతా 63 మంది కష్టం చెత్తబుట్టకి. పైగా ఈ దారి మూసుకుపోయిందని ఎవరికి తెలిసినా, అదే నేర్చుకున్న క్లాజు, అందరికీ వినబడేలా కేకెయ్యాలి. అందరూ కేకేస్తే వినడానికే పొద్దుపోతుంది, ఫైలు తెరిచేదెవరు? అందుకే 2008లో వచ్చిన మేనీశాట్ అనే సాల్వర్, క్లాజులో ఎనిమిది లిటరల్స్ (అవునని గానీ కాదని గానీ ఒక్కో వేరియబుల్ ప్రస్తావన) దాటితే నోరు మూసుకోమంది. 2010 నాటి ప్లింగెలింగ్ సాల్వర్ మరీ పొదుపరి, ఒక్క లిటరల్ ఉంటేనే చెప్పమంది.

2011లో శాట్ సాల్వర్ల పోటీకి ఒలివియే రుసెల్ తెచ్చిన పీపీఫోలియో అయితే అసలు ఫైలే చదవదు. ఊళ్లోవాళ్ల సాల్వర్లను పక్కపక్కన నడిపించి తను కూర్చుంటుంది. పతకాలు కొట్టుకుపోయింది! ఇంత బద్ధకపు సాల్వర్ ఇంకోటి ఉండదేమోనని ఆయనే ఒప్పుకున్నారు. సిగ్గుపడాల్సింది ఆయన కాదు, ఓడినవాళ్లు.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. జవాబు “ఉంది” అయితే విలువలు వేసి చూసుకుంటాం. “లేదు” అంటే? చిప్‌లో తప్పు బయటపెట్టే విలువలేవీ లేవు, అంటే తప్పు లేదన్న మాట అలాంటిదే. 1994లో పెంటియమ్ భాగహారంలో దొర్లిన తప్పుకు ఇంటెల్ లెక్కల్లో పడ్డ బరువు 47.5 కోట్ల డాలర్లు. పోటీల్లో ఒంటరి సాల్వర్ “లేదు” అంటే రుజువేదని నిలదీస్తారు. గుంపుగా వస్తే ఏళ్ల తరబడి అడగలేదు. ఏం, ఎందుకు అడగలేదు? ఒక్కడు తప్పు క్లాజు కేకేస్తే మిగతా 63 మంది దాన్నే నమ్మి, ముక్తకంఠంతో అబద్ధం చెబుతారు. మంది పెరిగేకొద్దీ లెక్క గట్టిగా అడగాలా, మాఫీ చేయాలా?

గుంపుతో రుజువు రాయించడం కుదరదని మాత్రం అనకండి. 2016లో హ్యూల్, కుల్మన్, మారెక్ అనే పరిశోధకులు పనిని నిజంగానే ముక్కలు చేశారు. 800 కోర్ల మీద రెండు రోజులు నడిపి, 1 నుంచి 7825 దాకా సంఖ్యలకు రెండు రంగులు ఎలా వేసినా ఒకే రంగులో ఒక పైథాగరస్ త్రికం (3, 4, 5 లాగా, రెండింటి వర్గాల మొత్తం మూడోదాని వర్గమయ్యే మూడు సంఖ్యలు) తప్పదని తేల్చారు. 200 టెరాబైట్ల రుజువు ముందు పెట్టారు. క్లాజులు పంచుకుంటూనే రుజువు రాయొచ్చని 2023లో మాలోబ్ అనే సాల్వర్‌తో చేసి చూపించారు. అయినా అదే నసుగుడు: “రుజువు రాస్తే స్పీడు తగ్గుతుందండీ.”

తగ్గనివ్వండి!