బల్బు బిగిస్తే చాలదు, బండి ఒప్పుకోవాలి

నా కారుకి ఫాగ్ ల్యాంపులు, అంటే పొగమంచులో దారి చూపే దీపాలు కొన్నాను. కంపెనీ ఒరిజినల్ పార్టే. బంపర్ విప్పడం, వైరింగ్ కలపడం అన్నీ సజావుగానే అయ్యాయి. స్విచ్ నొక్కితే మాత్రం చీకటే! ఇప్పటి చాలా కార్లలో స్విచ్ నేరుగా దీపానికి కరెంటు పంపదు. దీపాల్లాంటివాటిని నడిపే చిన్న కంప్యూటర్‌కి, అంటే బాడీ కంట్రోల్ మాడ్యూల్‌కి ఒక సందేశం పంపుతుంది, అంతే. దాని మెమరీలో ‘ఈ బండికి ఫాగ్ ల్యాంపులు లేవు’ అని ఉంటే, సూర్యుణ్ణే తెచ్చి బిగించినా వెలిగించదు.

ఇక సర్వీస్ సెంటరే గతి. వాళ్ల కంప్యూటర్ టూల్ కంపెనీ సర్వర్‌కి కనెక్ట్ అవ్వాలి, ఛాసిస్ నంబర్ సరిపోవాలి, మధ్యలో వోల్టేజ్ పడిపోకుండా బ్యాటరీకి ఛార్జర్ తగిలించాలి. ఇంతా చేసి మార్చేది మెమరీలో ‘లేదు’ అన్నదాన్ని ‘ఉంది’ అని. దీనికే కోడింగ్ అని పేరు. లేబర్ బిల్లేమో దీపాల ధరతో పోటీ పడుతుంది. టో బార్, అంటే ట్రైలర్‌ని లాగే కొక్కెం, పెట్టించుకున్నవాళ్ల బాధ ఇంకా ఘోరం, కోడింగ్ చేయకపోతే రివర్స్ చేసినప్పుడల్లా వెనక సెన్సర్లు ట్రైలర్‌నే అడ్డంకి అనుకుని మొత్తుకుంటాయి.

కంపెనీవాళ్లేమో ఈ సెట్టింగుల్ని భద్రత కోసం లాక్ చేశామంటారు. బ్రేకులకీ, ఎయిర్‌బ్యాగులకీ అంటే సరే, ఒప్పుకుంటా. ఫాగ్ ల్యాంపుకి ఎందుకండీ? కనీసం డబ్బా మీద ‘కోడింగ్ తప్పనిసరి’ అని రాయొచ్చుగా! రాశారు లెండి, లోపలి కాగితంలో, చివరి పేజీలో, భూతద్దం పెట్టి చూడాల్సినంత అక్షరాల్లో.