సోదరులు దొరుకును

మన గుంటూరు వైపు తోడబుట్టిన వాళ్ళను కలిపి ఉంచేవి రెండే: పెళ్ళిళ్ళు, కోర్టు వాయిదాలు. పెళ్ళిళ్ళు ఎప్పుడో గాని రావు కనుక రెండో బంధమే గట్టిది. ఈ లోటు తీర్చడానికే పెద్దలు సోదర సంఘాలను కనిపెట్టారని నా నమ్మకం. ఏడాదికింత అని చందా కడితే చాలు, నలభై మంది అన్నదమ్ములు వస్తారు. అందులో ఒక్కడూ పొలంలో వాటా అడగడు.

దీనికి పెద్ద చరిత్రే ఉంది. 1717లో లండన్‌లో ఫ్రీమేసన్లు అనే సోదర సంఘం వాళ్ళ నాలుగు లాడ్జీలు, అంటే శాఖలు, కలిసి గ్రాండ్ లాడ్జి పెట్టుకున్నాయి. ఈ ఫ్రీమేసన్లు ఒకరినొకరు బ్రదర్ అని పిలుచుకుంటారు, తలుపులు వేసుకుని నడుముకు ఏప్రాన్ కట్టుకుంటారు. వంటింటి వైపు తొంగి చూడని మగజాతి ఏప్రాన్ కట్టాలంటే ఆ మాత్రం రహస్యం పాటించాలి మరి. తర్వాత షికాగోలో 1905లో పాల్ హారిస్ అనే లాయరు రోటరీని, 1917లో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్సు వ్యాపారి లయన్స్‌ను మొదలుపెట్టారు. లాయరుకీ ఇన్సూరెన్సు మనిషికీ పరిచయాలు ఎందుకు కావాలో నేను విడమరచనక్కర్లేదు.

రోటరీలో మొదట్లో ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకునేవారు. ఎంత ముందుచూపు! మిర్చి యార్డు కమిషన్ వ్యాపారి పక్కన ఇంకో కమిషన్ వ్యాపారిని కూర్చోబెడితే సోదరభావం సాంబారు వడ్డించేదాకా కూడా నిలవదు. అదే ఇటు కోల్డ్ స్టోరేజీ యజమాని, అటు బ్యాంకు మేనేజరు కూర్చున్నారనుకోండి, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి మిర్చి టిక్కీలకు, అదే బస్తాలకు, చోటూ, వాటి మీద అప్పూ రెండూ ఖాయం. దీన్ని స్వార్థం అనకండి. ఎక్కువ సేవ చేసేవాడికే ఎక్కువ లాభం అన్నది ఆ సంస్థ అధికారిక నినాదాల్లోనే ఒకటి. ఫలం మీద ఆశ పెట్టుకోవద్దన్న గీతకు షికాగోలో చిన్న సవరణ జరిగింది, అంతే.

ఇక సేవ. ఆసుపత్రిలో పళ్ళ పంపిణీ చూశారా? ఒక రోగి, ఒక అరటిపండు, దాని మీద పదకొండు చేతులు. ఫోటో బాగా వచ్చిందని తేలేదాకా రోగి ఆ పండు తినకూడదు, వీలైతే దగ్గకూడదు. కిటికీ పక్క వెలుతురున్న మంచం దొరికినవాడికి పళ్ళకు కొదవుండదు. చీకటి మూల మంచం వాడికి షుగరు అదుపులో ఉంటుంది. ఏ రకంగా చూసినా ఆరోగ్యమే.

నవ్వడానికి ఒక్క చిక్కుంది. 1985 నుంచి పోలియో మీద పడి, 2014లో మన దేశానికి పోలియో రహితమన్న ధ్రువపత్రం వచ్చేదాకా వెంటపడిన వాళ్ళలో ఈ రోటరీ వాళ్ళూ ఉన్నారు. శాలువాలు కప్పుకునేవాళ్ళే ఇలాంటి పనులు కూడా చేస్తుంటే వ్యంగ్యం రాసుకునేవాడు ఎలా బతకాలి?

అసలు ప్రతిఫలం మాత్రం పేరుకు ముందూ వెనకా వస్తుంది. ముందు లయన్ అనో రొటేరియన్ అనో చేరుతుంది. అంతర్జాతీయ ఫౌండేషన్‌కు వెయ్యి డాలర్లు ఇస్తే వెనక మెల్విన్ జోన్స్ ఫెలో అనో, పాల్ హారిస్ ఫెలో అనో చేరుతుంది. రెండు చోట్లా రేటు ఒకటే, బేరం లేదు. శుభలేఖలో పెళ్ళికొడుకు బి.టెక్. కంటే వాళ్ళ నాన్న బిరుదులే పొడుగు. పైగా ఇక్కడ గవర్నరూ ఉంటాడు. విజయవాడలో ఉండే రాష్ట్ర గవర్నరుకు అయిదేళ్ళు, మన డిస్ట్రిక్ట్ గవర్నరుకు ఒక్క ఏడాది. అయితేనేం, 'పాస్ట్' అన్న హోదా చచ్చేదాకా పోదు. ఏటా జూలైలో కొత్త అధ్యక్షుడు వస్తాడు గనుక పాతిక ముప్ఫై ఏళ్ళు నిండిన క్లబ్బులో మామూలు సభ్యుడు కనబడటమే అపురూపం. వేదిక మీద కుర్చీలు చాలక, కింద కుర్చీలు మిగిలిపోతాయి.

నన్ను ఆకట్టుకున్నది వీటన్నిటికంటే చిన్న పదవి. లయన్స్‌లో టెయిల్ ట్విస్టర్ అని ఒకాయన ఉంటాడు. సభలో సరదాగా సభ్యులకు జరిమానాలు వేసి డబ్బు వసూలు చెయ్యడం ఆయన పని. ఆయనకు జరిమానా వెయ్యాలంటే మాత్రం హాజరైన వాళ్ళంతా ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. మనవాళ్ళు, ఏకగ్రీవం! భోజనంలో ఉలవచారు ఉండాలా వద్దా అన్నదానికే రెండు వర్గాలుగా చీలిన సభ మాది. వచ్చే జూలైకి ఆ పదవి విషయం కాస్త చూడమని ముగ్గురు పాస్ట్ ప్రెసిడెంట్లకు ఇప్పటికే ఫోన్ చేసి ఉంచాను.