పలుచని రేకుకు పెద్ద యంత్రం అవసరమా?

పాత కార్లను ఇంట్లో బాగుచేసుకునేవారు 250 ఆంపియర్ల మిగ్ వెల్డింగ్ యంత్రం (తీగను తానే అందిస్తూ, కరెంటుతో కరిగించి రేకులను అతికించేది) కొనడమే మేలని ఒక వ్యాసంలో చదివిన సూచనతో నేను పూర్తిగా ఏకీభవించలేను. పర్లాకిమిడిలో మా పెరటి పాకలో అంబాసిడర్ అడుగు రేకు మార్చిన అనుభవంతో చెబుతున్నాను: కారు బాడీ రేకు మందం సాధారణంగా ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండి, ఎక్కువ కరెంటుకు చిల్లు పడుతుంది కనుక, యంత్రం ఎంత ఎక్కువ కరెంటు ఇస్తుందన్నదాని కంటే 30 ఆంపియర్ల దగ్గర నిలకడగా పనిచేస్తుందా అన్నదే ముందు చూడాలి.

అతుకును గాలి నుంచి కాపాడే గ్యాసు అక్కర్లేని, లోపల పొడి నింపిన ఫ్లక్స్ కోర్ తీగ చౌక అనిపించి మొదట దానినే వాడాను. నిప్పురవ్వలు చిమ్మి, వేడి ఎక్కువై, తుప్పు చేసిన చిల్లుల కంటే నేను చేసినవే ఎక్కువయ్యాయి. (ఆ తీగకు యంత్రంలో ధ్రువాలు, అంటే ప్లస్, మైనస్ కనెక్షన్లు, మార్చాలని అప్పటికి నాకు తెలియదు.) తరువాత 0.6 మిల్లీమీటర్ల మామూలు తీగకూ, ఆర్గాన్‌లో 20 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాసుకూ మారాను. ఏకధాటిగా అతుకు వేయకుండా, దూరదూరంగా చుక్కలు పెడుతూ, ఒకటి చల్లారాక మరొకటి కలుపుతూ వెళితే రేకు వంకర పోలేదు.

మా వైపు సాయంత్రం వోల్టేజీ పడిపోతుంది. అందువల్ల యంత్రం ఎంత తక్కువ వోల్టేజీ వరకు తట్టుకుంటుందో దుకాణంలోనే అడగాలి. వానాకాలంలో తీగచుట్టను యంత్రంలోనే వదిలేస్తే తుప్పు పట్టి లైనర్‌లో (తీగ వెళ్లే గొట్టంలో) ఇరుక్కుంటుంది. నేను దానిని మూత బిగువుగా ఉన్న డబ్బాలో దాస్తున్నాను.