ముడిచమురు ధరల అంచనా నివేదిక గారికి చందాదారు విన్నపం

మహారాజశ్రీ త్రైమాసిక నివేదిక గారి దివ్యసముఖానికి,

మీ చందాదారు నమస్కరించి రాసుకునేది. ఇవాళ మధ్యాహ్నం మీ తరఫున జరిగిన ఆన్‌లైన్ మీటింగ్ మొదటి నుంచి చివరిదాకా విన్నాను. నేను అడిగింది ఒక్కటే. వచ్చే ఏడాదికి మా కంపెనీకి కావలసిన, ముడిచమురు ధరకి ముడిపెట్టిన గ్యాస్ ధర ఇప్పుడే ఖాయం చేసుకోవాలా, ఇంకొన్నాళ్ళు ఆగాలా? "రెండు వైపులా రిస్కులున్నాయి" అని సెలవిచ్చారు. అది మాకూ తెలుసండీ. తెలియబట్టే కదా డబ్బు కట్టి మరీ మిమ్మల్ని అడుగుతున్నాం.

పోయినసారి ధర దిగుతుందన్నారు. మేం ఆగాం. అది ఎక్కింది. మార్కెట్ అన్నాక ఎక్కుతుంది, దిగుతుంది, దానికి మిమ్మల్ని తిట్టను. నా బాధ వేరు. ఆ పాత అంచనా ఇవాళ్టి స్లైడ్లలో ఎక్కడికి పోయింది?

మీ గ్రాఫ్‌లో ఇప్పటిదాకా నడిచిన ధర నల్ల గీత, ఇక ముందు నడవబోయేది చుక్కల గీత. నల్ల గీత ఎక్కడ ఆగితే చుక్కల గీత అక్కడే మొదలవుతుంది, ఒక్క మిల్లీమీటరు తేడా ఉండదు. పాత పీడీఎఫ్ వెతికి తెరిచి, రెండు గ్రాఫులూ స్క్రీన్ మీద పక్కపక్కనే పెట్టుకున్నాను. అప్పటి చుక్కలు నేల చూపులు చూస్తున్నాయి. ఇప్పటి నల్ల గీత ఆకాశం వైపు పోతోంది. కొత్త గ్రాఫ్‌లో మాత్రం ఆ పాత చుక్కల ఆనవాలే లేదు. కింద చిన్న అక్షరాల్లో "సవరించిన అంచనా" అని ఉంది. ఏ అంకె నుంచి సవరించారో, ఎందుకు సవరించాల్సి వచ్చిందో ఆ అక్షరాలకి పట్టదు.

ఇది ఇవాళ కొత్తగా పుట్టిన జబ్బు కాదు. 2008 జులైలో బ్యారెల్ 147 డాలర్లు దాటిన రోజుల్లో మీ వంశంలో 200 అన్నవాళ్ళున్నారు. డిసెంబరు వచ్చేసరికి ధర 40 కిందికి జారింది. 2014 జూన్‌లో 115 దగ్గరున్న బ్రెంట్ (ప్రపంచ చమురు ధరలకి కొలబద్ద) 2016 జనవరిలో 30 లోపు పడింది. అప్పుడు "ఇక చాలాకాలం ఇంతే" అనే పాట అందుకున్నారు. 2022 మార్చిలో ఉక్రెయిన్ యుద్ధం వేడికి అదే బ్రెంట్ 139ని తాకి, ఆ ఏడాది ముగియకముందే 80 కింద కనిపించింది. ఇక 2020 ఏప్రిల్ 20 సంగతి చెప్పాలా? అమెరికా చమురు ధరకి కొలబద్ద అయిన డబ్ల్యూటీఐని మే నెలలో అందుకునే కాంట్రాక్టు మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. ఆ చమురు అప్పగించే ఊరు కుషింగ్‌లో ట్యాంకులు నిండిపోతుంటే, సరుకు దింపుకునే చోటు లేనివాళ్ళు ఎదురు డబ్బిచ్చి వదిలించుకున్నారు. మీ "అతి తక్కువ ధర" సినారియోలో గ్రాఫ్ సున్నా దగ్గరే ఆగిపోయేది. ఆ కింద కాగితం లేదన్నట్టు!

కరోనానీ యుద్ధాన్నీ ముందే చెప్పలేదని నిలదీసేంత మూర్ఖత్వం నాకు లేదు. చమురు ధర చెప్పడం కష్టం. ఇవాళ్టి ధరే రేపూ ఉంటుందనుకునే అమాయకపు లెక్కని ఓడించడం కూడా అంత తేలిక కాదని ఆర్థికవేత్తలే తేల్చారు. ఆ లెక్కకి చందా కూడా అక్కర్లేదు.

మిగతావి చిల్లర విషయాలు. ధర ఎక్కితే "భౌగోళిక రాజకీయ రిస్క్ ప్రీమియం", దిగితే "డిమాండ్ భయాలు". చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ ప్లస్ సమావేశానికి ముందు రోజు "ఉత్కంఠ", మర్నాడు "అనుకున్నట్టే జరిగింది". అనుకున్నది ఎవరో, ఎప్పుడో! చివరి పేజీలో, దీన్ని నమ్మి ఎవరు ఏం చేసినా మాకు సంబంధం లేదని ఓ పెద్ద పేరా. ఇన్వాయిస్‌లో మాత్రం అలాంటి పేరా ఎప్పుడూ చూడలేదు.

తప్పు చెప్పినందుకు కాదయ్యా కోపం, చెప్పలేదన్నట్టు నటిస్తున్నందుకు! బడ్జెట్ తేడా కొట్టినప్పుడల్లా నేను బోర్డు ముందు నిలబడి పాత అంకె, కొత్త అంకె, మధ్యలో తేడా, దానికి కారణం, వరసగా అప్పజెప్పాలి. నీకెందుకు ఉండదు ఆ రూలు?

ఇంత తిట్టాక ఒక మాట ఒప్పుకోవాలి. వెనకాల, ఎవరూ తిప్పని అనుబంధంలో, 2023లో బ్రెంట్ లెక్కలోకి అమెరికా మిడ్‌ల్యాండ్ చమురు చేరాక బ్రెంట్‌కి ముడిపెట్టిన గ్యాస్ కాంట్రాక్టుల్లో ఏం గమనించుకోవాలో రాసిన రెండు పేజీలున్నాయి. అంత శుభ్రంగా ఇంకెక్కడా చదవలేదు. ఏ రిఫైనరీ మరమ్మతుకి ఎప్పుడు ఆగుతుందో, ఏ ట్యాంకర్ ఎటు మళ్ళిందో చెప్పే పట్టికలు కూడా బంగారం. అవి రాసిన మనిషి జోస్యం జోలికి పోలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పి ఊరుకున్నాడు. మీటింగ్‌లో ఆయన్ని ఒక్కసారైనా మాట్లాడనిచ్చిన పాపాన పోలేదు మీరు.

రెన్యువల్ ఫారం నా టేబుల్ మీదే ఉంది. ఒక షరతు రాసి పంపుతున్నాను. ఇక నుంచి మొదటి పేజీలోనే పోయిన ఏడాది మీ అంచనా, దాని పక్కన అసలు ధర, రెండూ ఒకే గ్రాఫ్‌లో ఉండాలి. చోటు చాలదంటే కవర్ మీద ఆ సూర్యాస్తమయంలో చమురు బావి పంపు ఫొటో తీసేయండి, బోలెడంత ఖాళీ వస్తుంది.

ఇట్లు,
చందా గడువు దగ్గరపడిన మీ విధేయుడు