ఇంగువ డబ్బా చూపించమని అడగడానికి ఇంత టెన్షనా?

ఆ మధ్య బంధువుల పెళ్లిలో విస్తట్లో పులిహోర పడగానే నా చెయ్యి ఆగిపోయింది. నాకు సీలియాక్ జబ్బు, గోధుమ తినకూడదు. అన్నం, చింతపండు, పోపు... ఇందులో గోధుమ ఎక్కడుంది అంటారా? ఇంగువలో. బజారులో దొరికే చాలా రకాల ఇంగువలో మైదానో గోధుమపిండో కలుపుతారు, డబ్బా వెనక సన్నక్షరాల్లో రాసే ఉంటుంది. వంటాయన్ని అడిగితే "ఇంగువలో గోధుమలేంటమ్మా" అని నవ్వి, డబ్బా తెచ్చి తనే చదివి, "అరె, నిజమే" అన్నాడు.

సీలియాక్ అంటే ఏదో తిండి పడకపోవడం కాదు. గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ లోపలికి వెళ్తే మన రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగుని దెబ్బతీస్తుంది. గ్లూటెన్‌ని జీవితాంతం మానేయడం తప్ప వేరే వైద్యం లేదు. మన దేశంలో ఇది ఉత్తరాదిన ఎక్కువ, మన వైపు తక్కువ, అందుకే ఇక్కడ "కొంచెం తింటే ఏం కాదులే" అనేవాళ్లకి కొదవ లేదు. గ్లూటెన్ ఫ్రీ అని లేబుల్ వేయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన, వాళ్ల కొంచెం ఎంతో మరి!

టెన్షన్ తగ్గించుకోమని అందరూ చెప్తారు. నన్నడిగితే ఇందులో సగం టెన్షన్ అవసరమే, డబ్బా వెనక్కి తిప్పి చదివించేది అదే. పీక్కుతినేది మిగతా సగం, అంటే మొహమాటం: అడిగితే పెళ్లివాళ్లు ఏమనుకుంటారో, అడక్కుండా తింటే రాత్రికి ఏమవుతుందో. పైగా కంగారుకీ కడుపు తిప్పుతుంది, గ్లూటెన్‌కీ తిప్పుతుంది, ఏది దేనివల్లో తెలియక ఇంకాస్త కంగారు. ఐరన్, బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా నీరసం, దడ ఉంటాయి, ఈ జబ్బుతో అవీ వస్తుంటాయి కాబట్టి అంతా మనసు మీదకి నెట్టేయకుండా ముందు రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.

నాకు పనికొచ్చింది ధైర్యం కాదు, ముందే గీసుకున్న గీత. ఇంట్లోకి గోధుమ రాదు, కాబట్టి అక్కడ అసలు ఆలోచించను. బయట మూడే ప్రశ్నలు: ఇంగువ ఏది, పూరీలు వేయించిన నూనెలోనే గారెలు వేశారా, రవ్వదోశ పోసిన పెనమేనా? జవాబు నసిగితే పెరుగన్నం, అరటిపండు, మళ్లీ చర్చ లేదు. భయంతో తిండే తగ్గిపోయి, నలుగురిలోకి వెళ్లడం మానేసే దాకా వస్తే మాత్రం ఈ గీతలు చాలవు, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇప్పుడు బియ్యప్పిండి కలిపిన ఇంగువ చిన్న డబ్బా నా బ్యాగులోనే ఉంటుంది. మొన్న పిన్ని వాళ్లింటికి వెళ్తే చెప్పులు విప్పకముందే అడిగింది, "డబ్బా తెచ్చావుటే? చారు పోపు ఆపి కూర్చున్నాను."